ఫ్రీ ఏజెంట్ పిచర్‌కి రేటు కట్టడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఇన్నింగ్స్ కాలమ్

పిచర్ అంటే బేస్‌బాల్‌లో బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. పోయిన రెండు పాఠాల్లో ఫ్రీ ఏజెంట్ ఎవరు, వార్ (WAR) అనే అంకెని ఎలా చదవాలి అనేవి చూశాం. మర్చిపోయినవాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. అమెరికా బేస్‌బాల్‌లో పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్‌లో 6 ఏళ్ల సర్వీస్ నిండిన ఆటగాడు కాంట్రాక్ట్ అయిపోగానే ఏ టీమ్‌తో అయినా మాట్లాడుకోవచ్చు, అతనే ఫ్రీ ఏజెంట్. ఇక వార్ అంటే అతని బదులు కింది స్థాయి మైనర్ లీగ్ నుంచి ఓ మామూలు ఆటగాణ్ణి తెచ్చి పెట్టుకుంటే వచ్చేదానికంటే ఇతనివల్ల ఎన్ని గెలుపులు ఎక్కువొస్తాయి అనే అంచనా. ఇవాళ ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చుకోండి, టీమ్ మనదే అనుకుని లెక్క కడదాం.

ముందు ఒక విషయం మనసులోంచి తీసెయ్యాలి, అదేంటంటే ఐపీఎల్ వేలం. 2023 డిసెంబర్‌లో ప్యాట్ కమిన్స్‌ని సన్‌రైజర్స్ 20.5 కోట్లకి పాడుకున్నప్పుడు పక్క టేబుల్ వాళ్లు ఎంతదాకా వచ్చారో టీవీలో అందరం చూశాం, ప్రతి టీమ్‌కీ పర్సు ఇంత అని ముందే తెలుసు. బేస్‌బాల్‌లో హాలూ లేదు, పర్సూ లేదు, ఏజెంట్ ఒక్కో టీమ్‌తో విడిగా మాట్లాడతాడు కాబట్టి అవతలివాళ్లు నిజంగా ఎంత అన్నారో మీకు తెలిసే దారి లేదు. పైగా ఒక్కసారి సంతకం అయ్యాక పిచర్ చెయ్యి పాడైనా సరే చివరి డాలర్ దాకా ఇచ్చి తీరాలి. అందుకే మన లెక్క మన దగ్గరే గట్టిగా ఉండాలి, ఎదుటివాడి పాట చూసి పెంచుకుంటూ పోవడానికి లేదు.

మొదటి పని. పేజీలో ఎడంపక్కన సంవత్సరాలు, కుడిపక్కన ఆ ఏడాది అతను వేసిన ఇన్నింగ్స్ రాయండి. క్రికెట్ ఇన్నింగ్స్ అనుకోకండి, ఇక్కడ ఒక పిచర్ లెక్కలో మూడు ఔట్లు తీస్తే ఒక ఇన్నింగ్స్, 200 ఇన్నింగ్స్ అంటే 600 మందిని ఔట్ చేసినట్టు. సీజన్‌లో 162 ఆటలు, స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచర్) ఐదారు రోజులకి ఒకసారి దిగుతాడు, ఏడాదంతా ఒంట్లో బావుంటే 32, 33 ఆటలు దక్కుతాయి. చాలామంది అవార్డులు, బంతి వేగం, పోయిన అక్టోబర్‌లో, అంటే సీజన్ చివరి నాకౌట్ ఆటల్లో, ఎలా వేశాడు అనేవి చూసి మొదలెడతారు, నేను మాత్రం ఈ కాలమ్ రాయకుండా ఇంకేదీ చూడొద్దంటాను.

ఎందుకంటే స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్. నేను వర్జీనియాలో ఉంటాను, 2019లో వాషింగ్టన్ నేషనల్స్ వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) గెలిచిన రాత్రి మా ఇంట్లో ఎవరం నిద్రపోలేదు, ఆ సిరీస్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అతనే. డిసెంబర్‌లో అదే టీమ్ 7 ఏళ్లకి 245 మిలియన్ డాలర్లు ఇచ్చి ఉంచుకుందంటే పండగ చేసుకున్నాం. ఇప్పుడు అతని కాలమ్ రాయండి, పూర్తికాని ఇన్నింగ్స్ ముక్కలు వదిలేసి: 2014లో 215, తర్వాత వరసగా 127, 147, 175, 130, ఆఖరికి 2019లో 209. ఆరేళ్లలో రెండే రెండుసార్లు 200 దాటాడు, అంతకుముందు 2010లోనే మోచేతికి టామీ జాన్ సర్జరీ (తెగిన లిగమెంట్ మార్చే ఆపరేషన్) అయ్యింది, సంతకం నాటికి వయసు 31. ఆ కాంట్రాక్ట్ కింద అతను వేసింది మొత్తం 8 ఆటలు, 31 ఇన్నింగ్స్ చిల్లర. మెడకీ భుజానికీ మధ్య నరాలు నొక్కుకుపోయే జబ్బు, ఆపరేషన్ అయినా చెయ్యి మళ్లీ మామూలుగా రాలేదు, 2024లో ఆట వదిలేశాడు. డబ్బులు తిని కూర్చున్నాడని ఎవరన్నా అంటే నాకు చాలా బాధేస్తుంది, ఆ చెయ్యి అరిగింది మా కోసమే. కానీ లెక్క కట్టేవాడి పని వేరు, వాడు జరిగిపోయిన అక్టోబర్‌కి కాదు, కొత్త సీజన్ ఆడే రాబోయే ఏప్రిల్‌కి డబ్బు కట్టాలి.

పక్క పేజీలో మ్యాక్స్ షెర్జర్‌ది రాయండి. అదే టీమ్, అదే 7 ఏళ్లు, 2015 జనవరిలో 210 మిలియన్లు, వయసు 30. ముందు ఐదేళ్లు 195, 195, 187, 214, 220. గుంటలే, అంటే బాగా తక్కువ వేసిన ఏళ్లే, లేవు చూడండి. వచ్చాక మొదటి నాలుగేళ్లూ ప్రతిసారీ 200 దాటించాడు, 2016, 2017లో ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు, 2019లో కప్పు. కాలమ్ బాగున్నవాళ్లందరూ షెర్జర్‌లు అయిపోతారని కాదు, గుంటలున్నవాడికి ఏళ్లు తగ్గించి అడగాలి అని.

రెండో పని ఏడాది ఏడాదికీ తరుగు వెయ్యడం. 30 దాటాక ఏటా అర వార్ తగ్గుతుందనేది ఈ లెక్కలు కట్టేవాళ్లు మామూలుగా వాడే సూత్రం, ఒక వార్‌కి 8 మిలియన్లు అని పెట్టుకోండి (ఇది మన పాఠం కోసం అనుకున్న రేటు). 31 ఏళ్ల పిచర్ ఇప్పుడు 5 వార్ ఇస్తున్నాడనుకుంటే 5, 4.5, 4, 3.5, 3, 2.5, ఆరేళ్లకి మొత్తం 22.5, అంటే 180 మిలియన్లు. ఏజెంట్ ఏడో ఏడు కావాలంటాడు, అది కలిపితే 2 వార్, ఇంకో 16 మిలియన్లు. అతను ఆ ఏడాదికి కూడా 30 అడుగుతుంటే ఆ తేడా 14 మిలియన్లు మీరు ఊరికే ఇస్తున్నట్టు, ఇష్టపడి ఇవ్వచ్చు, కానీ తెలిసి ఇవ్వండి. గాయం కోసం ఇందులోంచి ఇంకా కొయ్యాలి, గుంటలున్న కాలమ్ అయితే నేను నాలుగోవంతు కోస్తాను, అది నా అలవాటు మాత్రమే, మీరు మార్చుకోవచ్చు.

లగ్జరీ ట్యాక్స్ గురించి ఇవాళ్టికి ఒక్క మాట: 2025లో ఒక టీమ్ జీతాల మొత్తం 241 మిలియన్లు దాటితే ట్యాక్స్ పడింది, ఆ లెక్కకి తీసుకునేది కాంట్రాక్ట్ సగటు. అందుకే అదే డబ్బుని ఎక్కువ ఏళ్లకి పరిస్తే ట్యాక్స్ తేలికవుతుంది. పొడుగు కాంట్రాక్ట్ చూడగానే పిచ్చోళ్లు అనెయ్యకండి.

ఇప్పుడు ఇంటిపని. 2023 డిసెంబర్‌లో ఉన్నాం అనుకోండి, యోషినోబు యమమోటో, వయసు 25, జపాన్‌లో వరసగా మూడేళ్లు, అక్కడి ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సవామురా అవార్డు, మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వెయ్యలేదు. డాడ్జర్స్ 12 ఏళ్లకి 325 మిలియన్లు ఇచ్చారు, జపాన్‌లోని పాత టీమ్‌కి, అతన్ని వదిలినందుకు ఇచ్చే పోస్టింగ్ ఫీజు 50 మిలియన్ల పైన అదనం. 2025 వరల్డ్ సిరీస్‌లో అతను మూడు ఆటలు గెలిపించాడని, ఏడో ఆటలో ముందురోజే వేసిన చెయ్యితో మళ్లీ వచ్చి ముగించాడని మీకు తెలిసే ఉంటుంది, దాన్ని పక్కన పెట్టి ఆ రోజుకి ఉన్న సమాచారంతోనే కట్టండి. 25 ఏళ్లవాడికి తరుగు ఏ ఏడాది నుంచి మొదలెట్టాలి, జపాన్ ఇన్నింగ్స్‌ని యథాతథంగా రాయాలా తగ్గించాలా, ఈ రెండూ మీరే తేల్చుకుని ఎందుకో పక్కన ఒక లైను రాయండి.

వచ్చే పాఠంలో వాయిదా డబ్బు, అంటే తర్వాతి ఏళ్లకి జరిపి ఇచ్చే జీతం. షెర్జర్ 210లో సగం, 105 మిలియన్లు, 2028 దాకా సాగేలా రాసుకున్నారు, దాని అసలు విలువ ఎంతో అప్పుడు చూద్దాం, వడ్డీ లెక్క కాస్త తిరగేసి రండి.