పాత గోడను గాజు పలకగా మలచడం ఎలా

ఒక ప్రదేశపు వారసత్వాన్ని గాజులో చూపాలనుకునేవారు చాలామంది కోట బురుజునో పాత వంతెననో బొమ్మగా గీసి, అందులో రంగులు నింపడంతో మొదలుపెడతారు. అలా చేసిన పలక అందంగానే ఉంటుంది గానీ, ఆ బొమ్మ కాగితం మీదైనా అంతే బాగుంటుంది. గాజుకు మాత్రమే చేతనైన పని వేరు: వెలుతురును తనలోంచి పోనిస్తూ ఆ చోటి రంగునూ గరుకుదనాన్నీ కళ్లముందు నిలపడం. అందుకే కట్టడం మొత్తాన్ని వదిలి, దాని గోడలో మూరెడు భాగాన్ని మాత్రమే ఎంచుకోండి.

ఆ గోడను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. ఏటవాలు ఎండలోనే రాళ్ల అంచులు, వాటి నడుమ సున్నపు దర్జులు, వాననీరు కారిన చారలు తేటగా కనబడతాయి. రక్షిత కట్టడమైతే అనుమతి తీసుకుని, పలుచని కాగితాన్ని గోడకు ఆనించి మైనపు క్రేయాన్‌ను పక్కవాటుగా రుద్దితే, ఫొటోలో చదునైపోయే ఎగుడుదిగుళ్లు అసలు కొలతలోనే కాగితం మీదికి వస్తాయి. ఇదే మీ నమూనా.

రంగుల ఎంపికకు ఎంత సమయం ఇచ్చినా తక్కువే. నిజానికి గాజు రంగులో ప్రదేశం మొదటినుంచీ ఉంది. మధ్యయుగంలో ఉత్తర ఐరోపా అడవుల్లో కట్టె బూడిదతో, ఇనుము కలిసిన ఇసుకతో చేసిన గాజు ఆ ఇనుము వల్లనే ఆకుపచ్చగా వచ్చేది. శుద్ధి చేసిన మొక్కల బూడిదను వాడిన, వెనిస్ దగ్గరి మురానో దీవి పనివారు 15వ శతాబ్దంలో దాదాపు రంగులేని గాజును సాధించారు. ఇనుము ఆకుపచ్చనూ, కోబాల్ట్ నీలాన్నీ, అతి కొద్దిపాటి బంగారం ఎరుపునూ ఇస్తాయని గుర్తుంచుకుని, రంగు గాజు ముక్కలను గోడ దగ్గరికే తీసుకెళ్లి, ఆకాశానికి ఎత్తిపట్టి పోల్చుకోండి. దుకాణంలో బల్బు కింద ఎంచిన రంగు ఎండలో తప్పకుండా మోసం చేస్తుంది.

ఈ ముక్కలన్నీ కొలిమిలో కరిగి ఒకటవుతాయి కాబట్టి, గాజంతా ఒకే వ్యాకోచ గుణకం (వేడికి ఎంత సాగుతుందో చెప్పే అంకె) కలిగినదై ఉండాలి. ఇక్కడ ఆ అంకె 90గా ఉన్న రకాన్ని తీసుకుందాం. ఆ చోట దొరికిన పాత సీసా పెంకును ప్రేమకొద్దీ నేను ఒక పలకలో కలిపాను. కొలిమిలోంచి చక్కగానే బయటికి వచ్చిన ఆ పలక మూడో రోజున పెంకు చుట్టూ పగిలిపోయింది. గోడ రాయి, ఇసుక కూడా ఇలాగే గాజుతో పొసగవు. పలుచని రాగి రేకు మాత్రం రెండు పొరల మధ్య నిలుస్తుంది.

కరిగిన గాజు తలతన్యత వల్ల దాదాపు 6 మి.మీ. మందానికి సర్దుకుంటుంది కాబట్టి, 3 మి.మీ. పలకలు రెండు పేర్చితే అంచులు చెదరవు. కట్టర్‌తో గీటు ఒక్కసారే, ఆగకుండా గీయాలి. సన్నని, ఎడతెగని చప్పుడు వస్తే ఒత్తిడి సరిపోయినట్టు, కరకరమంటూ రజను లేస్తే ఎక్కువైనట్టు. పై పలక మీద నమూనాను అనుసరించి దర్జుల చోట లేతరంగు గాజు పొడిని జల్లెడతో చల్లి, రాళ్ల చోట ముదురు గాజు నూకను పరచండి. పొడి పనికి ఎన్95 మాస్కు తప్పనిసరి. బల్లను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి.

కొలిమి అరకు గాజు అంటుకోకుండా ప్రైమర్ పూసి, ఆరిన తరువాత పలకను ఉంచి, గంటకు 200 డిగ్రీల సెల్సియస్ చొప్పున వేడి పెంచండి. 800 దాటనిస్తే ఉపరితలమంతా నునుపుగా కరిగి, గోడ లక్షణమే పోతుంది. 750 దగ్గర పది నిమిషాలు ఆపితే నూక అతుక్కుని కూడా గరుకుగానే మిగులుతుంది. తరువాత 482 వద్ద రెండు గంటలు నిలిపి, 370 వరకు గంటకు 40 డిగ్రీల చొప్పున దింపాలి. మందం సమంగా లేని పలకకు నునుపు పలక కంటే ఎక్కువ సమయం అవసరం, ఎందుకంటే మందమైన చోటు ఆలస్యంగా చల్లారి లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా మూత తీయవద్దు.

చల్లారిన పలకను మొదట చూసిన వేళకే గోడ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. దర్జులు వెలవెలబోతే మరికొంత పొడి చల్లి, వేడి ఇంకా నెమ్మదిగా పెంచుతూ మళ్లీ కాల్చవచ్చు.