బ్యాగుతోనే మళ్లీ గడప దాటాను

పేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి పొట్టకు ఎడమవైపు స్టోమా పెట్టారు, అంటే మలం బయటికి రావడానికి పేగును పొట్టమీదికి తెరిచారు. ఆ మలం పడేందుకు దానిమీద ఒక బ్యాగు అతికించుకోవాలి. ఇంటికొచ్చాక 4 నెలలు గడప దాటలేదు. పక్కన ఎవరు కూర్చున్నా వాసన వస్తోందేమోనని టెన్షన్. రాత్రిళ్లు మా ఆవిడకు దూరంగా హాల్లో చాప వేసుకునేవాణ్ణి.

నా భయానికి అసలు కారణం లీకేజీ. స్టోమా నర్సు కొలిచి చూపించారు. కొత్తలో వాచి ఉన్న స్టోమా కొన్ని వారాలకు చిన్నదవుతుంది; నేనేమో బ్యాగు జిగురు పట్టీలో పాత కొలతకే రంధ్రం కత్తిరిస్తున్నాను. చుట్టూ చర్మం ఎర్రగా ఒరుసుకుపోయింది. ఇప్పుడు స్టోమా కంటే 2–3 మిల్లీమీటర్లే ఎక్కువ ఉండేలా కత్తిరిస్తాను. గోరువెచ్చని నీళ్లతో కడిగి, చర్మం బాగా ఆరాక అతికించి, అరచేత్తో కాసేపు నొక్కి పట్టుకుంటాను. ఆ వెచ్చదనానికి జిగురు గట్టిగా పట్టుకుంటుంది. బ్యాగు మూడోవంతు నిండగానే ఖాళీ చేస్తాను. నెలల తరబడి ఏడ్చింది ఇంత చిన్న విషయానికా అనిపించి బాధేసింది.

అయినా మనసు వెంటనే కుదుటపడలేదు. ఆ నర్సమ్మే ఏళ్లుగా బ్యాగుతో ఉన్న ఒక పెద్దాయనను పరిచయం చేశారు. ‘‘నేను రోజూ బస్సెక్కి కొట్టుకెళ్తున్నా బాబూ, చూడు’’ అని ఆయన చొక్కా పైకెత్తారు. నాలాంటి మనిషిని చూడటం అదే మొదలు. ఆ రాత్రి మా ఆవిడకు అన్నీ చెప్పాను. ‘‘నన్నెందుకు దూరం పెట్టారండీ?’’ అని ఏడ్చేసింది.

మొన్న మేనకోడలి పెళ్లిలో బంతిలో కూర్చుని తిన్నాను. స్పేర్ బ్యాగు, తుడుచుకునే గుడ్డ ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి.