రోడ్డు అంచుకి అంటుకుపోకండి: కార్ల మధ్య రోజూ సైకిల్ తొక్కడం ఎలా

కొత్తగా సైకిల్ మీద పనికి వెళ్లడం మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చాన్నాళ్లు చేశాను. వెనకాల కారు చప్పుడు వినబడగానే భుజాలు బిగుసుకుంటాయి, చేతులు వాటంతటవే హ్యాండిల్‌ని రోడ్డు అంచుకి తిప్పేస్తాయి, ఇంకో హారన్ పడిందంటే ఇసుకలోకే దిగిపోతాం. కారుకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది కదా అనిపిస్తుంది. కానీ రోడ్డు మొత్తం మీద సైకిల్‌కి పనికిరాని చోటు ఏదైనా ఉందంటే అది ఆ అంచే.

ఎందుకో చెప్తాను. రోడ్డు మధ్యలో కాస్త ఎత్తుగా, పక్కలకి వాలుగా ఉంటుంది కాబట్టి వాన నీళ్లతో పాటు ఇసుక, గాజుపెంకులు, మేకులు అన్నీ అక్కడికే కొట్టుకొస్తాయి. డ్రైనేజీ జాలీలు ఉండేది అక్కడే, తారు పెచ్చులూడేదీ అక్కడే, ఫోన్ చూసుకుంటూ ఫుట్‌పాత్ దిగే మనిషి మొదటి అడుగు పడేదీ అక్కడే. వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకోటుంది. మీరు అంచున నక్కి వెళ్తుంటే వెనకాల కారు నడిపేవాడికి పక్కన బోలెడు జాగా ఉన్నట్టు కనిపిస్తుంది, లైను మారకుండానే దూరిపోవచ్చులే అనుకుంటాడు. అద్దం మోచేతికి తగిలేంత దగ్గర్నుంచి కార్లు వెళ్లేది ఇలాంటప్పుడే. ఉలిక్కిపడి పక్కకి జరుగుదామా అంటే జరగడానికి పక్కనేం మిగల్లేదు.

అందుకని అంచుకీ మీ చక్రానికీ మధ్య ఓ మీటరు వదలండి. గుంత వస్తే తప్పుకోవడానికైనా, కారు మరీ మీదకొస్తే జరగడానికైనా ఆ మీటరే మీకు దిక్కు. అది కార్ల కోసం కాదు, మీ కోసం దాచుకున్నది, ముందే ఖర్చుపెట్టెయ్యకండి.

మరి కార్లకి అడ్డం కదా అంటారేమో, ఒక చిన్న లెక్క వేద్దాం. జర్మనీలో 2020 నుంచి ఊళ్లో సైకిల్‌ని దాటే కారు కనీసం 1.5 మీటర్లు వదలాలని చట్టం ఉంది, ఊరి బయటైతే 2 మీటర్లు. ఆ 1.5 మీటర్లే తీసుకుందాం. కారు వెడల్పు సుమారు 1.8 మీటర్లు, మీ హ్యాండిల్‌లో ఒక సగం 0.3, అంచుకి వదిలిన మీటరు. మొత్తం 4.6 మీటర్లు. నగరంలో ఒక లైను మామూలుగా 3 నుంచి 3.5 మీటర్లే ఉంటుంది. మీరు పూర్తిగా అంచుకి అతుక్కుపోయినా సరే, సరైన దూరం వదిలి దాటాలంటే కారు ఎలాగూ పక్క లైనులోకి వెళ్లాల్సిందే. అలాంటప్పుడు మీరు నక్కడం వల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు. ఇరుకు రోడ్డు మీద, వంతెన ఎక్కేటప్పుడు, కూడలి దగ్గరపడేటప్పుడు లైను మధ్యలోనే తొక్కండి. ఇప్పుడు దాటడానికి జాగా లేదని అందరికీ అర్థమవుతుంది. రోడ్డు వెడల్పవ్వగానే కాస్త పక్కకి జరిగి, వెళ్లమని చెయ్యి ఊపండి. నాకు ఎదురైన కోపాల్లో సగం ఆ ఒక్క చెయ్యి ఊపుతోనే దిగిపోయాయి. మిగతా సగం ఏం చేసినా దిగదు, వదిలెయ్యండి.

మధ్యలోకి రావాలంటే ముందు వెనక్కి చూడటం రావాలి. ఇది ఎవరూ నేర్పరు. తల తిప్పగానే భుజం తిరుగుతుంది, భుజంతో పాటు హ్యాండిల్ తిరుగుతుంది, సైకిల్ మీరు చూస్తున్న వైపే వెళ్లిపోతుంది. ఖాళీ మైదానంలోనో, ఎవరూ లేని పార్కింగ్‌లోనో నేల మీద ఒక గీత చూసుకుని, దాని మీద నడుపుతూ గడ్డం భుజానికి ఆనేలా తల తిప్పడం ప్రాక్టీస్ చెయ్యండి. చేతులు వదులుగా పెట్టుకోండి, బిగిస్తే లాగేస్తుంది. వెనకాల ఎవరినైనా నిలబెట్టి వాళ్లు ఎన్ని వేళ్లు చూపించారో చెప్పగలిగితే మీకు వచ్చినట్టే. ఒక చేత్తో నడపడం కూడా ఆ పూటే అలవాటు చేసుకోండి, ఎందుకంటే మీ ఇండికేటర్ మీ చెయ్యే. వరస ఇదీ: వెనక్కి చూడండి, చెయ్యి చాపండి, మళ్లీ చూడండి, అప్పుడు జరగండి. చెయ్యి చాపారు కదా అని వెనకాల వాడు ఆగుతాడనుకోవద్దు, ఆ రెండో చూపు అందుకే. తిరిగేటప్పుడు మాత్రం రెండు చేతులూ హ్యాండిల్ మీదకి రావాలి.

ఆగి ఉన్న కార్ల వరస పక్కనుంచి వెళ్లేటప్పుడు కూడా మీటరు వదలండి, కుదిరితే ఇంకాస్త ఎక్కువే. కారు తలుపు పూర్తిగా తెరుచుకుంటే దాదాపు ఒక మీటరు బయటికి వస్తుంది. సైకిల్ మీద సాఫీగా వెళ్లే వేగం గంటకి 18 కిలోమీటర్లు అనుకుంటే సెకనుకి 5 మీటర్లు. తలుపు కదలడం చూసి, మెదడుకి ఎక్కి, వేళ్లు బ్రేకు నొక్కేలోపే ఆ 5 మీటర్లూ అయిపోతాయి. నేనొకసారి అలాగే తలుపు అంచుకి తగిలి పడ్డాను, తగలడం కంటే పడ్డాక వెనకాల ఏం వస్తోందో అన్న భయమే ఇప్పటికీ గుర్తుంది. బ్రేకు లైటు ఇప్పుడే ఆరిన కారు, డ్రైవర్ సీట్లో తల కనిపించే కారు, ముందు చక్రం బయటికి తిరిగి ఉన్న కారు, ఈ మూడింటినీ దూరం నుంచే పట్టుకోండి. రెండు కార్ల మధ్య ఖాళీ దొరికిందని లోపలికి దూరి మళ్లీ బయటికి రావడం అసలు వద్దు. మీరు మాయమై మళ్లీ ప్రత్యక్షమైతే వెనకాలవాళ్లు ఎలా ఊహిస్తారు? తిన్నగా ఒకే గీతలో వెళ్లండి. ఇక మీరే కారులో ఉన్న రోజున తలుపుకి దూరంగా ఉన్న చేత్తో తలుపు తీయండి. నెదర్లాండ్స్‌లో డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకి చెప్పే పద్ధతి ఇది. ఆ చెయ్యి చాపాలంటే ఒళ్లు తిరగాలి, తిరిగితే వెనకాల వచ్చే సైకిల్ కనిపిస్తుంది.

కూడళ్ల దగ్గరకొద్దాం. చాలామందికి వెనకనుంచి ఎవరైనా గుద్దేస్తారేమోనని టెన్షన్, కానీ నగరంలో కార్లకీ సైకిళ్లకీ జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం దారులు కలిసేచోట జరుగుతాయి. మిమ్మల్ని దాటేసి వెంటనే మీ ముందునుంచే సందులోకి తిరిగే కారు ఒకటి. ఎదురుగా వచ్చి మీకు అడ్డంగా తిరిగే కారు ఇంకోటి. పక్క సందులోంచి ముక్కు బయటపెట్టి, మీవైపు చూస్తూ కూడా మిమ్మల్ని చూడని కారు మూడోది. మూడోదానితో జాగ్రత్త, ఎందుకంటే కళ్లు కలిశాయి కదా అని మనం నమ్మేస్తాం. డ్రైవర్ కళ్లు వెతికేది ఇంకో కారు కోసం, మీ మీదుగా చూపు జారిపోయి ఉండొచ్చు. అందుకే ముఖం కాదు, ముందు చక్రం చూడండి. కారు కదలబోతోందంటే అన్నిటికంటే ముందు చక్రమే చెప్తుంది.

ఎదురు ట్రాఫిక్‌ని దాటి తిరగాల్సిన పెద్ద మలుపు భయంగా ఉంటే తిరగొద్దు. తిన్నగా కూడలి దాటేసి, అవతలి మూలన ఆగి, సైకిల్‌ని మీరు వెళ్లాల్సిన వైపు తిప్పుకుని, ఆ దారికి పచ్చలైటు పడ్డాక వెళ్లండి. ఒక సిగ్నల్ సేపు ఆలస్యం, అంతే. ఇన్నేళ్ల తర్వాత కూడా పెద్ద కూడళ్లలో నేను ఇలాగే వెళ్తాను, ఎవరైనా నవ్వితే నవ్వనీ.

రాంగ్ సైడ్‌లో వచ్చేవాళ్లు "ఎదురుగా వచ్చే కార్లు కనిపిస్తే జాగ్రత్తపడొచ్చు కదా" అంటారు. వినడానికి బానే ఉంటుంది. కారు గంటకి 54 కిలోమీటర్లు, అంటే సెకనుకి 15 మీటర్లు, మీది 5 మీటర్లు. ఒకే దిక్కున వెళ్తుంటే కారు మీకు సెకనుకి 10 మీటర్ల చొప్పున దగ్గరవుతుంది, ఎదురెదురుగా అయితే 20. నలభై మీటర్ల దూరంలో మిమ్మల్ని గమనిస్తే మొదటి దాంట్లో నాలుగు సెకన్లు చేతిలో ఉంటాయి, రెండో దాంట్లో రెండే. పైగా ఒకే దిక్కునైతే కారు వేగం తగ్గించి మీ వెనకాలే రావచ్చు. ఎదురెదురుగా అయితే కారు పూర్తిగా ఆగిపోయినా మీరు దాని మీదకి వెళ్తూనే ఉంటారు. సందులోంచి రోడ్డెక్కే డ్రైవర్ ఆ వైపు తలే తిప్పడు, అది ఇంకో తలనొప్పి.

లారీలు, బస్సుల విషయంలో మాత్రం నేను ధైర్యాలు చెప్పను. డ్రైవర్ ఎత్తులో కూర్చుంటాడు, బండి ముక్కు కిందా పక్క తలుపు కిందా ఉన్న చోటు అతనికి కనబడదు. సైడ్ అద్దంలో మీకు డ్రైవర్ ముఖం కనబడకపోతే అతనికి మీరు కనబడనట్టే. ఇంకోటి, పొడుగు బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. సిగ్నల్ దగ్గర లారీకీ ఫుట్‌పాత్‌కీ మధ్య సైకిల్ పట్టేంత ఖాళీ కనిపిస్తుంది చూశారూ, బండి తిరగడం మొదలెట్టాక ఆ ఖాళీ ఉండదు. ముందుకి వెళ్లాలన్న తొందర ఎంతున్నా లారీ వెనకాలే ఆగండి. మీరు ముందే ఆగి ఉంటే, లారీ వచ్చి మీ పక్కనే నిలబడితే, డ్రైవర్‌కి కనబడేంత ముందుకైనా జరగండి, లేదా దిగి ఫుట్‌పాత్ ఎక్కెయ్యండి. స్టాపులో ఆగిన బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్యనుంచి వెళ్లకండి, దిగేవాళ్లు అక్కడికే దిగుతారు.

బ్రేకుల గురించి ఒక అపోహ: ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతాం అని. ఒక్కసారిగా గట్టిగా లాగితే నిజమే. కానీ ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే, ఎందుకంటే వేగం తగ్గేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది. వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే చక్రం జారుతుంది, సైకిల్ మాత్రం త్వరగా ఆగదు. రెండూ కలిపి నొక్కుతూ, ముందుది మెల్లగా బిగిస్తూ, ఒంటిని సీటు వెనక్కి జరపండి. ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో దేశాన్ని బట్టి మారుతుంది, కొత్త సైకిల్ ఎక్కగానే అదొకటి చూసుకోండి. వానలో రిమ్ముని పట్టుకునే బ్రేకులు ముందు నీళ్లు తుడుచుకోవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది, కాబట్టి ముందునుంచే నొక్కడం మొదలెట్టండి. తడిసిన మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీద రంగు గీతలు, రాలిన ఆకులు జారతాయి, వాటి మీద తిరగడం గానీ బ్రేకు వెయ్యడం గానీ వద్దు. పట్టాలు దాటేటప్పుడు వీలైనంత అడ్డంగా దాటండి, ఏటవాలుగా వెళ్తే చక్రం గాడిలో ఇరుక్కుంటుంది. నీళ్లు నిలిచిన చోట కింద ఎంత లోతు ఉందో పైకి తెలియదు.

చీకటి పడ్డాక ముందు తెల్లలైటు, వెనక ఎర్రలైటు తప్పనిసరి. వెనకది ఆరి వెలిగేలా పెడితే చూపు లాగుతుంది గానీ ఎంత దూరంలో ఉన్నారో అంచనా దొరకదు, నేను వెనక నిలకడగా వెలిగేదే పెట్టుకుంటాను. పెడల్ రిఫ్లెక్టర్లు పీకేయకండి. పైకీ కిందకీ ఆడే ఆ రెండు మెరుపులు చూడగానే అది సైకిలని డ్రైవర్‌కి తెలిసిపోతుంది. ముందు లైటు కాస్త కిందకి వంచండి, ఎదుటివాళ్ల కళ్లలో కొట్టి వాళ్లని గుడ్డివాళ్లని చేస్తే నష్టం మనకే.

హెల్మెట్ కనుబొమల మీద రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి, వెనక్కి వాలితే నుదురు బయటే ఉంటుంది. గట్టి దెబ్బ ఒకసారి తగిలాక దాన్ని పారెయ్యండి, లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒక్కసారే నలిగి కాపాడుతుంది. ఇయర్‌ఫోన్లు ఇంటి దగ్గరే ఉంచండి.

సైకిల్ సంగతి క్లుప్తంగా. సీటు ఎత్తు: మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు తిన్నగా అవ్వాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. గాలి ఎంత కొట్టాలో టైరు పక్కన ముద్రించి ఉంటుంది. గేర్ల సైకిలైతే ఆగకముందే తేలిక గేరులోకి దిగండి, లేకపోతే పచ్చలైటు పడ్డాక పెడల్ కదలక తూలిపోతారు, వెనకాల హారన్ల మోత. బ్యాగు వీపుకి కాకుండా క్యారియర్‌కి కట్టండి, చొక్కా చెమటకి అంతగా తడవదు. తాళం ఫ్రేముకీ వెనక చక్రానికీ కలిపి, కదలని స్తంభానికి వెయ్యండి. చక్రానికి మాత్రమే వేస్తే చక్రమే మిగులుతుంది.

తగవుల గురించి ఒక మాట. నన్ను గీరుకుంటూ పోయిన కారుని ఒకసారి తరిమి, సిగ్నల్ దగ్గర అద్దం తట్టి అడిగేశాను. అతను సారీ చెప్పలేదు సరికదా, తర్వాత రెండు కిలోమీటర్లు హారన్ కొడుతూ నా వెనకాలే వచ్చాడు. సైకిల్ మీద ఉన్నవాడు ఇంజిన్ ఉన్నవాడితో పెట్టుకోకూడదని ఆ రోజు కాళ్లు వణుకుతూ తెలుసుకున్నాను. నంబరు గుర్తుపెట్టుకుని ఫిర్యాదు చెయ్యడం వేరు, తరమడం వేరు.

ఇక దారి. కారులో వెళ్లే దారే సైకిల్‌కీ దారి అనుకోకండి. మెయిన్ రోడ్డుకి సమాంతరంగా వెళ్లే లోపలి వీధులు మ్యాప్‌లో వెతకండి, ఓ కిలోమీటరు ఎక్కువైనా పర్లేదు. సెలవు రోజు పొద్దున్నే ఒకసారి తొక్కి చూడండి, తర్వాత పనిరోజున అసలు టైముకి ఇంకోసారి, ఎందుకంటే ఆదివారం నిద్రపోతున్న వీధి సోమవారం బడి గంటకి ముందు వేరే వీధి. మొదటి వారమే రోజూ వెళ్లాలని పంతం పట్టొద్దు, రెండు రోజులు చాలు. మూడో వారానికి ఏ మలుపు తర్వాత గుంత ఉందో, ఏ గేటులోంచి ఏ టైముకి కారు వెనక్కి వస్తుందో, ఏ కుక్క ఉత్తినే మొరుగుతుందో ఏది వెంటపడుతుందో మీ కాళ్లకే తెలిసిపోతుంది.