వానలకు ముందు పాత జీపు ట్రాన్స్‌ఫర్ కేసు లీకు: కింద దూరే ముందు చూసుకోవాల్సినవి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా జీపు కింద ఆయిల్ మరక కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే పెద్దదవుతుంది. ఎండకి ఆయిల్ పలచబడి, ఇన్నాళ్లూ చెమర్చినట్టున్న చోట చుక్క కడుతుంది. మృగశిర వచ్చి వాగులు మొదలయ్యేలోపు దీని సంగతి తేల్చాలని మారేడుమిల్లి, చింతూరు వైపు పాత జీపులు తిప్పేవాళ్లందరికీ తెలుసు. అయితే లీకు ఆపడం పెద్ద విద్య కాదు. ఆపబోతూ బండి కింద నలగకుండా బయటికి రావడమే అసలు పని. అందుకే ముందు అది చెబుతాను.

నేను మాట్లాడేది విల్లీస్ అనే అమెరికా కంపెనీ నమూనాలో వచ్చిన పాత మహీంద్రా జీపుల గురించి. గేర్‌బాక్సు వెనకాల అతుక్కుని ఉండే పోత ఇనుము పెట్టె ట్రాన్స్‌ఫర్ కేసు. స్పైసర్ 18 అంటారు, డానా 18 అన్నా అదే. ఇంజను బలాన్ని ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ పంచేది ఇదే. ఇందులో పట్టే ఆయిల్ లీటరున్నర దరిదాపుల్లోనే కాబట్టి రోజుకి నాలుగు చుక్కలే కదా అని ఊరుకోవడానికి లేదు.

ఇక అసలు విషయం. ఈ జీపుల్లో చాలావాటికి హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, వెనక ఇరుసుని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది. లివర్ లాగితే బిగిసేది అది. అంటే ఆ బ్రేకు పట్టుకునేది షాఫ్టుని. షాఫ్టు ఉన్నంతవరకే చక్రాలు దాని మాట వింటాయి. తర్వాతి మోడళ్లలో కొన్నిటికి కేబుల్ వెనక చక్రాలకే వేశారు. మీది ఏదో ముందు కిందికి తొంగి చూసి తెలుసుకోండి.

డ్రమ్ము కేసు మీద ఉన్న రకమైతే, వెనక సీలు, అంటే షాఫ్టు చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు రింగు, కారిందంటే ఆ ఆయిల్ నేరుగా బ్రేకు లైనింగు మీదికే పోతుంది. లివర్ మామూలుగానే బిగిసినట్టుంటుంది, పట్టు మాత్రం ఉండదు. మీరు బాగు చేయబోతున్న లీకే మీ బ్రేకుని తినేసి ఉంటుందన్నమాట. ఇంకోటి: వెనక ఒక్క చక్రాన్ని జాకీతో లేపారనుకోండి. షాఫ్టు కదలకపోయినా, గాల్లో ఉన్న చక్రం ఒకవైపు తిరుగుతుంటే నేల మీది చక్రం రెండోవైపు దొర్లగలదు, డిఫరెన్షియల్ పనే అది. గేర్లో పెట్టినా అంతే. ఇక వెనక షాఫ్టే విప్పేశారంటే బ్రేకూ పోయింది, గేరూ పోయింది. ట్రాన్స్‌ఫర్ లివర్ న్యూట్రల్లో ఉంటే ఏమీ విప్పకపోయినా గేరు బండిని ఆపదు.

నాకిది పుస్తకం చదివి తెలిసింది కాదు. మా వాకిలి రోడ్డు వైపు కాస్త వాలు, కంటికి ఆనేంత కూడా కాదు. ఫస్టు గేర్లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, వెనక షాఫ్టు నట్లు విప్పుతున్నాను. సాయానికి వచ్చిన మేస్త్రి “రాళ్లు పెట్టారాండీ?” అనడిగాడు. “గేర్లోనే ఉందిగా మేస్త్రీ” అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా పెరట్లోకి వెళ్లి, మూలన పడున్న రుబ్బురోలు పొత్రం తెచ్చి వెనక చక్రం వెనకాల పడేశాడు. చివరి నట్టు వదిలి షాఫ్టు కిందికి జారిందో లేదో, బండి బెత్తెడు వెనక్కొచ్చి పొత్రానికి కొట్టుకుని ఆగింది. నా తల అప్పుడు ముందు చక్రానికి సరిగ్గా వెనకాల ఉంది.

అందుకని చదును నేల, అదీ గట్టి నేల చూసుకోండి. కనీసం రెండు చక్రాలకి ముందూ వెనకా కోసుగా కోసిన చెక్క దిమ్మలు దిగ్గొట్టండి. రాళ్లయితే టైరుకి ఆనించి పెట్టాలి, దూరంగా పడేస్తే బండికి ఊపు వస్తుంది. వెనక షాఫ్టు మాత్రమే విప్పుతుంటే ఫోర్ వీల్ వేసి గేర్లో ఉంచితే ముందు చక్రాలు కొంత పట్టుకుంటాయి. ముందు చక్రాల్ని ఇరుసు నుంచి విడదీసే ఫ్రీ వీలింగ్ హబ్బులుంటే వాటిని లాక్ చేయడం మరవకండి. ఇది అదనపు ధైర్యమే తప్ప దిమ్మలకి బదులు కాదు.

జీపు ఎత్తైన బండి. ఈ పనిలో చాలావరకు జాకీ ఎక్కించక్కర్లేదు, నాలుగు చక్రాలూ నేల మీద ఉండగానే అయిపోతుంది. తప్పక లేపాల్సొస్తే జాకీని నమ్ముకుని తల దూర్చొద్దు, ఇనుప స్టాండ్ల మీద ఛాసిస్ దించాకే. బోలు సిమెంటు ఇటుకలు పేర్చి పని కానిచ్చేవాళ్లని చూశాను. అవి మెల్లగా ఒరగవు, ఒక్కసారిగా పొడైపోతాయి. కేసునే దించాల్సి వస్తే అది పోత ఇనుము, గుండెల మీద పెట్టుకుని దించే బరువు కాదు. ఇద్దరు మనుషులు, కింద ఒక ట్రాలీ జాకీ. ఒంటరిగా ఉన్నరోజు కేసు జోలికే పోకండి. పైనుంచి ఎండిన మట్టి పెళ్లలు కళ్లలో రాలతాయి, వంద రూపాయల కళ్లద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి.

ఎక్కడ కారుతోందో తేల్చుకోవడం

కింద చుక్క పడిన చోటుకి సరిగ్గా పైన లీకు ఉంటుందనుకోవద్దు. నడుస్తున్నప్పుడు గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది. గేర్‌బాక్సు ముందు నుంచి కారింది కేసు అడుగున చేరి చుక్క కడుతుంది. ముందు బ్రష్షు, డీజిల్‌తో మొత్తం కడిగి ఆరనివ్వండి. పెట్రోలుతో మాత్రం కడగొద్దు, ఆవిరి బండి కిందే నిలుస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆరాక కాస్త టాల్కం పౌడరు చల్లి పదిహేను కిలోమీటర్లు తిప్పి రండి. తడి గీత ఎక్కడ మొదలైందో తెల్లగా కనబడుతుంది. వాసన కూడా చూడండి. గేర్ ఆయిల్‌కి గంధకం కంపు ఉంటుంది. నల్లగా, ఆ కంపు లేకుండా ఉంటే అది ఇంజను వెనక సీలు నుంచి వచ్చిన డీజిల్ ఇంజను ఆయిల్, వేరే కథ.

సీలు కొనే ముందు బ్రీదర్ చూడండి. చాలామంది దాన్ని వదిలేసి మూడుసార్లు సీళ్లు మారుస్తారు. కేసు వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది, అది పోయేందుకు పైన ఉన్న చిన్న దారి బ్రీదర్. ఏళ్ల బురద పట్టి అది మూసుకుపోతే, గాలి ఆయిల్‌ని సీలు అంచుల్లోంచి బయటికి నెడుతుంది. సన్నని తీగతో పొడిచి, డీజిల్‌తో కడిగితే ఒక్కోసారి లీకు అక్కడితోనే తగ్గిపోతుంది. పైసా ఖర్చు లేదు.

రెండో అనుమానం గేర్‌బాక్సు మీద. రెంటికీ మధ్య ఉన్న సీలు అరిగితే ఒకదాంట్లో ఆయిల్ తగ్గి రెండోదాంట్లో పెరుగుతుంది. పెరిగినవైపు కారుతుంది. రెండు ప్లగ్గులూ విప్పి మట్టం చూస్తే గుట్టు తెలిసిపోతుంది.

విప్పేటప్పుడు

ఆయిల్ దింపాలంటే పైన పోసే ప్లగ్గు ముందు విప్పండి, అది వచ్చాకే కింది ప్లగ్గు. కింద దింపేసి, పైది తుప్పు పట్టి కదలకపోతే బండి అక్కడే కూలబడుతుంది. కాస్త తిప్పి గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపితే మురికంతా వస్తుంది. ఘాట్ రోడ్డు దిగి వచ్చిన వెంటనే మాత్రం వద్దు, చేయి బొబ్బలెక్కుతుంది. దింపిన ఆయిల్‌ని తెల్ల గిన్నెలో ఎండకి పెట్టి చూడండి. టీ రంగులో పాలు కలిపినట్టుంటే నీళ్లు దూరాయి. ఇనుప పెచ్చులు మెరిస్తే లోపల బేరింగో పళ్లో పోతున్నాయి, అప్పుడు సీలు మార్చి చేతులు దులుపుకోవడం డబ్బు దండగ.

షాఫ్టు విప్పే ముందు రెండు వైపులా సుద్దతో కాదు, ఉలి దెబ్బతో గుర్తు పెట్టండి, తిరిగి అలాగే కూర్చోవాలి. షాఫ్టు చివరి కీలులో ఉండే క్రాసు కప్పులకి టేపు చుట్టకపోతే సూది రోలర్లు మట్టిలో రాలతాయి. తర్వాత ఫ్లాంజిని (కేసు వైపు షాఫ్టు బిగించే బిళ్ల) చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కటకటలాడితే బేరింగు వదులైంది. ఊగే షాఫ్టు మీద ఎంత ఖరీదైన సీలు వేసినా వర్షాకాలం దాటదు. వెనక బేరింగు మూత విప్పితే దాని కింద షిమ్ములనే పల్చని రేకు రింగులుంటాయి, ఎన్ని వచ్చాయో అన్నీ తిరిగి పెట్టాలి.

సీలు తీశాక ఫ్లాంజి మీద వేలిగోరు నడిపించండి. గోరు పట్టుకునే గాడి ఉంటే కొత్త సీలూ అక్కడే కారుతుంది. ఫ్లాంజి మార్చాలి, లేదా పల్చని స్లీవు తొడగాలి. ఎమరీ పేపరుతో రుద్దితే గాడి పోదు. సీలు స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకి ఉండాలి. పెదవికి ఆయిల్ రాసి, సరిపడే పైపు ముక్క ఆనించి నాలుగువైపులా సమంగా తట్టండి. స్క్రూడ్రైవరు పెట్టి ఒక మూల కొడితే కొన్న సీలు పారేసుకున్నట్టే. ఫ్లాంజి నట్టు కింద వాషరుకి, లోపలిదాకా దారి ఉన్న బోల్టులకి కాస్త సీలెంటు పూయాలి. షాఫ్టు పళ్ల గాడుల వెంట, బోల్టు మరల వెంట ఆయిల్ పాకి వస్తుంటే అది కూడా సీలు లీకులాగే కనబడుతుంది.

ఈ కేసుకి పేరుమోసిన లీకు ఇంకోటుంది: మధ్య గేరు తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్టు. దాని ఓ రింగు గట్టిపడినా, కేసులో దాని రంధ్రం వదులైనా వెనకవైపు ధారగా కారుతుంది. దీనికి షాఫ్టుని వెనక్కి కొట్టి తీయాలి. తీయగానే లోపల విడి సూది రోలర్లు, వాషర్లు కిందికి రాలిపోతాయి, గ్రీజు అంటించి మళ్లీ వరసలో కూర్చోబెట్టాలి. చేయి తిరగనివాళ్లు ఇక్కడ ఆగి, ఈ రకం కేసులు విప్పిన మేస్త్రికి అప్పగించడం మంచిది. నేనూ అప్పగించాను.

అడుగు మూత ప్యాకింగు సులువే. రెండు ముఖాలూ ఆయిల్ జాడ లేకుండా తుడవండి. సిలికాన్ గమ్ము పల్చగా. దట్టంగా పామితే లోపలికి పిండుకుని వచ్చిన ముక్కలు తెగి ఆయిల్‌లో తిరుగుతాయి. ట్యూబు మీద రాసినంతసేపు ఆరనిచ్చాకే ఆయిల్ పోయండి.

ఆయిల్ విషయం: జీఎల్-4 రకం 80డబ్ల్యు-90, గేర్‌బాక్సులోనూ కేసులోనూ ఒకటే. ఎలాగూ ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోతుంది కాబట్టి, కొన్ని జీఎల్-5 ఆయిళ్లు గేర్‌బాక్సులోని ఇత్తడి రింగుల్ని తినగలవు కాబట్టి. ఇంకా చిక్కటి 140 పోస్తే చుక్క తగ్గుతుందని కొందరు, గ్రీజు కలిపితే ఇంకా మంచిదని కొందరు. కారడం తగ్గుతుంది నిజమే, తెల్లవారి చల్లటి పూట బేరింగులకి ఆయిల్ అందడం కూడా తగ్గుతుంది. చదును మీద నిలబెట్టి, పోసే రంధ్రం అంచుకి తగిలేదాకా పోస్తే చాలు. దింపిన పాత ఆయిల్‌ని డబ్బాలో పట్టి షెడ్డుకి ఇచ్చేయండి, వాగు గట్టున గుమ్మరించొద్దు.

వానల ముందే ఎందుకంటే, ఆయిల్ బయటికొచ్చే దారిలోనే నీళ్లు లోపలికొస్తాయి. ఘాట్ రోడ్డు దిగి కాలిపోతున్న కేసుతో సోకిలేరు లాంటి వాగులో దిగారనుకోండి. చన్నీళ్లు తగిలి లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, అరిగిన సీలు గుండా నీళ్లు పీల్చుకుంటుంది. కాబట్టి దిగే ముందు పది నిమిషాలు ఆపి చల్లారనివ్వండి. ఆ పది నిమిషాల్లో వాగు ఎంత ఉందో కూడా చూసుకోవచ్చు, నీళ్లు గుంజుతుంటే వెనక్కి తిరగండి. దాటిన మర్నాడు కింది ప్లగ్గు కాస్త వదులు చేసి, నీళ్లేమైనా వస్తాయేమో నాలుగు చుక్కలు చూడండి.

అంతా బిగించాక ఊరి చుట్టూ ఒక రౌండు కొట్టి, రాత్రికి కింద పాత పేపరు పరవండి. పొద్దున్నే ఒకటి రెండు చుక్కలున్నా కంగారు పడక్కర్లేదు, సందుల్లో మిగిలిన పాత ఆయిల్ కావచ్చు. పేపరు మార్చి మూడు రోజులు చూడండి. ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ హ్యాండ్ బ్రేకు లాగి పరీక్షించండి. జారితే లైనింగు ఆయిల్ పీల్చేసింది, కడిగినా లాభం లేదు, కొత్తది వేయించండి. ఆ పొత్రం ఇప్పుడు మా జీపు వెనక సీటు కిందే ఉంటుంది. రుబ్బురోలు ఎప్పుడో పోయింది కాబట్టి ఇంట్లో అడిగేవాళ్లు కూడా లేరు.