దయ్యం కథల నుంచి పెద్ద నవలల దాకా: ఇంటిల్లిపాదీ కలిసి చదివే పద్ధతి

ఒకే ఇంట్లో నలుగురు చదువరులుండి, నలుగురూ నాలుగు మూలల్లో వేర్వేరు పుస్తకాలు పట్టుకొని కూర్చోవడం మన ఊళ్లలో మామూలే. పిల్లలకు దయ్యాల కథలు కావాలి, తల్లికి వారపత్రికల సీరియళ్ల కాలం నాటి నవలలంటే ఇష్టం, తాతకు పాత నవలలు తప్ప మరేవీ రుచించవు. వీరందరినీ ఒకే పుస్తకం చుట్టూ కూర్చోబెట్టి, భయపెట్టే కథల నుంచి మొదలుపెట్టి క్రమంగా పెద్ద నవలల వరకు ఎలా నడవవచ్చునో, తిరుపతిలోని మా ఇంట్లో ఇటీవల సాగిన చదువు ఆధారంగా ఇక్కడ వివరిస్తున్నాను. నేను గట్టిగా నమ్మే సూత్రం ఒక్కటే: తరువాతి పుస్తకాన్ని దాని కీర్తిని బట్టి కాకుండా, ఇప్పుడు ముగించిన పుస్తకం మనలో మిగిల్చిన ప్రశ్నను బట్టి ఎంచుకోవాలి.

మొదలుపెట్టడానికి బేతాళ కథలను మించినవి లేవు. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో ఇవి 25 కథలుగా ఉన్నాయి. 1947 జూలైలో మొదలైన చందమామ అదే చట్రంలో లెక్కలేనన్ని కొత్త కథలను మనకు అందించింది. శవంలో ఉన్న బేతాళుడు కథ చెప్పి చివర ప్రశ్న వేస్తాడు, సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని బెదిరిస్తాడు. ఆ ప్రశ్న దగ్గరే పుస్తకం మూసివేయండి. రాజు సమాధానం చదవకముందే ఇంట్లోని ప్రతి ఒక్కరూ తమ తీర్పునూ, దానికి కారణాన్నీ చెప్పాలి. ముందుగా అందరికన్నా చిన్నవారు, ఆఖరున పెద్దవారు మాట్లాడడం చాలా ముఖ్యం. పెద్దలు ముందు మాట్లాడితే పిల్లలు వారి మాటనే తిప్పి చెబుతారు. రాత్రి భోజనాలయ్యాక అరగంట చాలు. పైకి చదివే బాధ్యతను వంతులవారీగా పంచుకోవాలి, కంటిచూపు తగ్గిన అవ్వకు మాత్రం ఆ వంతు నుంచి మినహాయింపు ఇచ్చి తీర్పు చెప్పే హక్కు తప్పకుండా ఉంచాలి.

కొన్ని వారాలకు పిల్లలు మరో ప్రశ్న వేయడం మొదలుపెడతారు: దయ్యం నిజంగా ఉందా, లేక ఎవరైనా ఆ వేషం వేశారా? తిరుపతి పిల్లలకు ఈ ఆలోచన కొత్తది కాదు. ఏటా గంగజాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం చూస్తూ పెరిగిన వారు, దాక్కున్న పాలెగాడి కోసం గంగమ్మ రోజుకొక వేషంలో వెదికి, చివరకు దొర వేషంలో అతన్ని బయటకు రప్పించి సంహరించిన కథ వినే ఉంటారు. అపరాధ పరిశోధన నవలకు కావలసిన వెదుకులాట, మారువేషం, పన్నాగం అన్నీ అందులో ఉన్నాయి. కాబట్టి ఈ దశలో ఆర్థర్ కోనన్ డాయిల్ 1902లో పుస్తకంగా వెలువరించిన ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ ఎంచుకోవడం సరైనదని నా అభిప్రాయం. ఒక వంశాన్ని వెంటాడుతున్నదని చెప్పుకొనే భూతపు వేటకుక్క ఇందులో ఉంది, దాని వెనుక నిజమేమిటో వెలికితీయాలని పూనుకొన్న అపరాధ పరిశోధకుడు షెర్లాక్ హోమ్స్ ఉన్నాడు. తెలుగు అనువాదం చేతికి అందకపోతే, ఇంగ్లీషు మూలం ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లో ఇంటర్మీడియట్ చదివే పిల్లలుంటే పగలు ఒక అధ్యాయం చదువుకొని, రాత్రికి దానిని తెలుగులో చెప్పమనండి. ఇంగ్లీషు వాక్యాన్ని మన మాటల్లో నిలబెట్టే ప్రయత్నంలో వారికి రెండు భాషలూ గట్టిపడతాయి. ప్రతి అధ్యాయం ముగిశాక ఒక నోటుపుస్తకంలో ఎవరి అనుమానం ఎవరి మీద ఉన్నదో, ఏ ఆధారం వల్ల ఆ అనుమానం కలిగిందో వ్రాసిపెట్టాలి. చివరి అధ్యాయం తరువాత ఆ పుటలను వెనక్కి తిప్పి, రచయిత ఏ ఆధారాన్ని మన కళ్ల ముందే ఉంచి మన దృష్టిని మళ్లించాడో గమనించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలసి ఉంది. తెలుగులో భయం అనగానే అందరికీ గుర్తుకు వచ్చే యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ను చిన్నపిల్లలున్న సభలో చదవవద్దు. కథ నడిమధ్య క్షుద్రప్రయోగానికి గురై బాధపడేది ఒక చిన్నారి కావడం వల్ల, ఆ వయసు పిల్లలు దానిని కథగా దూరం నుంచి చూడలేరు. పెద్దలు ముందు తాము చదివి, పదిహేనేళ్లు దాటిన పిల్లలతో విడిగా చర్చించుకోవడం మేలు. ఆ చర్చ చేయదగినదే, ఎందుకంటే వైద్యమూ మంత్రమూ ఒకే సంఘటనకు చెప్పే రెండు వివరణలను ఆ నవల పక్కపక్కనే నడిపిస్తుంది.

వేటకుక్క కథలో ప్రతి ప్రశ్నకూ సమాధానం దొరుకుతుంది. సమాధానం దొరకని దయ్యాన్ని ఎదుర్కోవడం తరువాతి అడుగు. దానికి ఎమిలీ బ్రాంటీ 1847లో ప్రచురించిన ‘వుదరింగ్ హైట్స్’ తగినది. మూడవ అధ్యాయంలో కొత్తగా వచ్చిన అతిథికి, రాత్రివేళ కిటికీ వద్ద ఒక పిల్ల లోపలికి రానిమ్మని ప్రాధేయపడడం కనిపిస్తుంది. అది కలయా, ప్రేతమా అన్నది తేలదు. భయంతో మొదలైన ఆ కథ ప్రేమగా, పగగా, రెండు తరాల ఆస్తి తగాదాగా విస్తరిస్తుంది. ఈ నవలను సగంలో వదిలేసేవారిలో ఎక్కువమంది పేర్ల గందరగోళం వల్లనే వదిలేస్తారని నేను అనుకుంటున్నాను, ఎందుకంటే తల్లి పేరూ కూతురి పేరూ కేథరీనే, ఒక ఇంటిపేరు మరొకరి సొంత పేరుగా వస్తుంది. మొదటి రోజే ఒక పెద్ద చార్టు కాగితం గోడకు అంటించి, రెండు ఇళ్లవారినీ రెండు వైపుల వ్రాసి, పెళ్లిళ్లను గీతలతో కలుపుతూ పోవాలి. పెళ్లి సంబంధాల లెక్కలు చూడడంలో ఆరితేరిన మన ఇళ్ల ఆడవారు ఈ పనిని ఎంతో శ్రద్ధగా చేస్తారు, వంశవృక్షం వారి చేతిలో ఉంటే కథ ఎవరికీ తప్పిపోదు. ఈ కథలో ఎక్కువ భాగం నెల్లీ అనే పనిమనిషి చెప్పినదేనని గుర్తుచేస్తూ, ఆమె ఎవరి పక్షం వహిస్తున్నదో వారానికొకసారి అడగండి.

దయ్యం లేకుండా కూడా రాత్రి భయపెట్టగలదా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, చిత్తూరు జిల్లాలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ తీయండి. తప్పిపోయిన పందిని వెదుకుతూ అడవిలోకి వెళ్లిన ఒక ముసలివాడు, ఆ రాత్రి నక్కల నుంచి పందిపిల్లలను కాపాడడానికి పడే పాట్లే ఆ నవల. చిన్న పుస్తకం కాబట్టి వీలైతే ఒకే సెలవు దినాన, సాయంత్రం మొదలుపెట్టి ఆపకుండా ముగించాలి. ముక్కలు చేస్తే ఆ రాత్రి బరువు తగ్గిపోతుంది. తలకోన వైపు అడవి అంచు పల్లెల్లో పెరిగినవారు ఇంట్లో ఉంటే, పైకి చదివే పని వారికి అప్పగించండి.

ఇప్పుడు విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’. వెయ్యి పుటల దగ్గరి గ్రంథాన్ని చూసి పిల్లలు జంకడం సహజమే, అయినా ఇంతవరకు నడిచిన దారి ఇక్కడ ఉపకరిస్తుంది. సుబ్బన్నపేట గ్రామం, వేయిపడగల సర్పం, పాము పోలికలున్న పసరిక వంటివి దయ్యాల కథలు విన్న చెవులకు వెంటనే పట్టుబడతాయి. పసరిక కనిపించే ఘట్టాలను ముందుగా చదివి, అతనెవరన్న కుతూహలం పుట్టాక మొదటి అధ్యాయానికి రావడంలో తప్పేమీ లేదు. సుదీర్ఘమైన చర్చలు వచ్చే చోట తాత చదివి సారాంశం చెప్పవచ్చు. తెలియని మాట వచ్చిన ప్రతిసారీ నిఘంటువు తెరవకండి. పెన్సిలుతో గీత గీసి, అధ్యాయం ముగిశాక ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనలో అన్నీ కలిపి చూసుకోండి. పుస్తకం గ్రంథాలయానిదైతే ఆ మాటలను నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. వర్ణధర్మం మీద నిలిచినదిగా ఆ నవల ఊహించిన సమాజాన్ని ప్రశ్నించాలనిపిస్తే, అలా అనిపించడం ఎంతైనా మంచిది, దళితుల జీవితాన్ని కథగా చెప్పిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని ఆ వెంటనే చదవాలి. 1922 నాటి ఈ నవలను ఆయన మన చిత్తూరుకు పొరుగునే ఉన్న రాయవేలూరు జైలులో వ్రాశారు, బ్రిటిషు ప్రభుత్వం దానిని నిషేధించింది.

పుస్తకాలన్నీ కొనవలసిన అవసరం లేదు. ఇంటిపన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కూడా చెల్లిస్తున్నాము కనుక, దగ్గరలోని గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోవడం మన హక్కు. బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతి ఇళ్లు బంధువులతో నిండిపోతాయి, పెద్ద నవల ముందుకు సాగదు. ఆ రోజుల కోసం ఈ జిల్లా పల్లెలను అక్షరాల్లో నిలిపిన మధురాంతకం రాజారాం కథలను అట్టిపెట్టుకోండి. 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆ కథలను వచ్చిన చుట్టాలతో కలిసి ఒక్కొక్క పూటలో ముగించవచ్చు. ఏ పుస్తకమైనా ఐదు అధ్యాయాలు దాటాక, తరువాత ఏం తెలుసుకోవాలని ఉందో ఒక్కొక్కరినీ అడగండి. ఇంట్లో ఏ ఒక్కరికీ ప్రశ్న మిగలకపోతే, దానిని మొహమాటం లేకుండా తిరిగి ఇచ్చేయండి.

వేషాలు వేసి మోసగించేవారు మొదటి తెలుగు నవలల్లో ఉన్నారా అన్నది ఇప్పుడు మా పిల్లల ప్రశ్న. 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడడం మొదలైన కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’లో, బంగారం చేసి ఇస్తానని రాజశేఖరుడిని నమ్మించే బైరాగి ఉన్నాడని తాత చెప్పారు. జాతరలో బైరాగి వేషాన్ని చూసిన పిల్లలు కాబట్టి, మా ఇంట్లో తరువాతి పుస్తకం అదే.