న్యుమోనియా పాఠాలు – 3: ఏ క్రిమి వల్ల వచ్చింది? రోగిని అడిగి తెలుసుకోవడం

మొదటి పాఠంలో ఊపిరి లెక్కపెట్టడం, రెండో పాఠంలో ఎక్స్‌రేలో తెల్ల నీడను గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఇప్పుడు మీ ముందున్న మనిషికి న్యుమోనియా అని తేలింది. ఆసుపత్రిలో సోకింది కాదు, ఊళ్లోనే అంటుకుని వచ్చింది. దానికి కారణం ఏ క్రిమి?

ల్యాబ్‌కి పంపితే వాళ్లే చెప్తారు కదా అనుకోకండి. చాలాసార్లు చెప్పలేరు. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్లు 2010 నుంచి 2012 దాకా షికాగో, నాష్‌విల్ నగరాల్లోని ఐదు ఆసుపత్రుల్లో న్యుమోనియాతో చేరిన రెండు వేల మందికి పైగా పెద్దవాళ్లకు రక్తం, తెమడ, మూత్రం, ముక్కు, గొంతు అన్నీ పరీక్షించారు. ఏదో ఒక క్రిమి దొరికింది 38 శాతం మందిలోనే. దొరికినవాటిలో బ్యాక్టీరియా కంటే వైరస్‌లే ఎక్కువ. మామూలు జలుబు తెచ్చే రైనోవైరస్ 9 శాతం మందిలో, ఫ్లూ 6 శాతం మందిలో, పుస్తకాలన్నీ మొదటి పేరుగా చెప్పే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా 5 శాతం మందిలో కనిపించాయి. అన్ని వసతులున్న చోటే పరిస్థితి ఇలా ఉంది. మన దగ్గర రోగి ఆసుపత్రికి వచ్చేసరికే మెడికల్ షాపులో కొన్న యాంటీబయాటిక్ రెండు మూడు రోజులు మింగి ఉంటాడు. ఆ తర్వాత కల్చర్‌లో (శాంపిల్‌లోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగకపోతే ఆశ్చర్యం లేదు.

అందుకే ఈ పాఠంలో నేర్చుకునేది పరీక్ష కాదు, అడగడం.

మొదట మనిషిని చూడండి. వయసెంత, షుగర్ ఉందా, బీడీ కాలుస్తాడా, మందు అలవాటు ఏ మేరకు, ఇంతకుముందు పక్షవాతం గానీ ఫిట్స్ గానీ వచ్చాయా? ఏ ప్రత్యేకతా లేని రోగిలో, ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో, బ్యాక్టీరియా వరకు న్యుమోకాకస్‌నే ముందు అనుమానించాలి. అది వచ్చే తీరు తెలిసిందే: వణికించే చలిజ్వరం, ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కలో పోటు, తుప్పు రంగు తెమడ. ఏళ్ల తరబడి పొగ తాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్లలో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజాను కూడా లెక్కలోకి తీసుకోవాలి. (పేరు చూసి దీన్ని ఫ్లూ వైరస్ అనుకునేవాళ్లు ఏటా ఉంటారు. ఇది బ్యాక్టీరియా.) విపరీతంగా తాగేవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు అయితే క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా గుర్తుకు రావాలి. హాస్టల్ కుర్రాడు వారం పది రోజులుగా పొడిదగ్గుతో, తలనొప్పితో తిరుగుతూనే ఉన్నాడంటే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా కావచ్చు. దానికి కణగోడ లేదు. కణగోడ మీద దెబ్బకొట్టే అమాక్సిసిలిన్ దాని మీద పనిచేయకపోవడానికి కారణం అదే.

ఈ పోలికలన్నీ అనుమానించడానికే గాని తీర్పు చెప్పడానికి కాదు. ఒక క్రిమి లక్షణాలు ఇంకోదానిలోనూ కనిపిస్తాయి. ఫ్లూ తగ్గి నాలుగు రోజులు బాగుండి మళ్లీ జ్వరం తిరగబెట్టిందంటే మాత్రం ఆ మాటను తేలిగ్గా వదిలేయకండి. ఫ్లూ గాయపరిచిన శ్వాసనాళాల్లోకి న్యుమోకాకస్, స్టాఫ్ (స్టెఫైలోకాకస్) బ్యాక్టీరియాలు దిగుతాయి. 1918 ఫ్లూలో ఎక్కువమందిని చంపింది ఇలా వెనకాల వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియానే.

మందు మత్తులో పడిపోయినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు అయితే ఇంట్లోవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "అన్నం తినేటప్పుడు పొలమారుతోందా?" నోట్లోది ఊపిరితిత్తుల్లోకి జారితే అక్కడి క్రిములే న్యుమోనియా తెస్తాయి. కుడి శ్వాసనాళం కాస్త నిటారుగా ఉంటుంది కాబట్టి ఎక్కువసార్లు దెబ్బ తగిలేది కుడివైపే.

రెండో అడుగు, ఎక్కడ తిరిగాడు? 1976 జులైలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మాజీ సైనికుల సభ జరిగింది. వచ్చినవాళ్లలో 180 మందికి పైగా జబ్బుపడ్డారు, 29 మంది చనిపోయారు. నెలల తరబడి వెతికితే గాని లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా బయటపడలేదు. ఇది నీళ్లలో, పెద్ద ఏసీల కూలింగ్ టవర్లలో పెరుగుతుంది, తుంపర్లతో ఊపిరిలోకి పోతుంది. న్యుమోనియాతో పాటు విరేచనాలు, మాట తడబాటు, రక్తంలో సోడియం తగ్గడం కలిసి కనిపిస్తే హోటల్లో బస గురించి అడగాలి.

మన ప్రాంతంలో ఇంతకంటే అవసరమైన ప్రశ్న పొలం గురించి. ఒక కేసు తీసుకుందాం. 48 ఏళ్ల కౌలు రైతు, షుగర్ ఉంది, మాత్రలు సరిగా వేసుకోడు. వానలు పడ్డాక బురదలో చెప్పుల్లేకుండా నాట్లు వేశాడు. పది రోజులుగా జ్వరం, దగ్గు. సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినా జ్వరం దిగలేదు. ఇక్కడ మెలియాయిడోసిస్ అన్న మాట మీ నోటి నుంచి రావాలి. తడి మట్టిలో ఉండే బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియా దీనికి కారణం. 1911లో రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే వైద్యులు దీన్ని మొదట గుర్తించారు. కోస్తా కర్ణాటకలోనూ, వేలూరు వైపూ కేసులు తరచు పట్టుకుంటున్నారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. కల్చర్ పంపేటప్పుడు ఆ అనుమానాన్ని కాగితం మీద రాయండి. రాయకపోతే పెరిగినదాన్ని సూడోమొనాస్ అనే వేరే బ్యాక్టీరియా అనో, బయటి నుంచి పడ్డ క్రిమి అనో పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. మందు కూడా వేరే: సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్, ఆ తర్వాత నెలల పాటు మాత్రలు.

పొదల్లో, గడ్డిలో తిరిగేవాళ్లలో స్క్రబ్ టైఫస్ కూడా ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. తిరుపతి, చిత్తూరు వైపు డాక్టర్లకు ఇది బాగా పరిచయం. మైట్ అనే చిన్న పురుగు లార్వా కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది, నొప్పి ఉండదు. చంకలో, గజ్జల్లో, నడుము పట్టీ కింద దాక్కుంటుంది కాబట్టి బట్టలు తొలగించి వెతకాలి. దొరికితే డాక్సీసైక్లిన్‌తో రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది.

ఇక టీబీ. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనివే. అది ఒక్కోసారి మామూలు న్యుమోనియాలాగే వచ్చిపడుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెమడను సీబీనాట్‌కు (టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్షకు) పంపండి. లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తొందరపడి మొదలుపెట్టకపోవడం మంచిది. అది టీబీని కొంత అణచి, తగ్గినట్టు భ్రమ కల్పించి, అసలు రోగం తేలడాన్ని ఆలస్యం చేస్తుంది.

తెమడ మాట వచ్చింది కాబట్టి అది తీసుకునే పద్ధతి. నోరు నీళ్లతో పుక్కిలించమనండి, గట్టిగా ఊపిరి పీల్చి లోపలి నుంచి దగ్గమనండి. డబ్బాలో నురగ, ఉమ్మి కనిపిస్తే అది పనికిరాదు, మళ్లీ అడగాలి. మైక్రోస్కోప్ తక్కువ పవర్‌లో ఒక్కో ఫీల్డ్‌కు చీము కణాలు 25కు పైన, నోటి పొర కణాలు 10 లోపు ఉంటే ఆ శాంపిల్ నమ్మదగ్గది. గ్రామ్ స్టెయిన్‌లో (బ్యాక్టీరియాకు రంగు వేసి చూసే పద్ధతిలో) ఊదా రంగు జంట చుక్కలు న్యుమోకాకస్‌ను సూచిస్తాయి. ఈ రంగు పద్ధతి కూడా న్యుమోనియా పుణ్యమే: 1884లో బెర్లిన్‌లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ న్యుమోనియాతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల ముక్కలకు రంగులు వేస్తూ కనిపెట్టాడు. వీలైతే యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందే తెమడ, రక్తం తీసుకోండి. కానీ రోగి ఆయాసపడుతుంటే శాంపిల్ కోసం మందు ఆపవద్దు.

అభ్యాసం. ప్రతి కేసుకు ముందుగా అనుమానించే కారణం, అడగాల్సిన ఇంకో ప్రశ్న రాసుకోండి.

1. 68 ఏళ్ల పెద్దాయన, ఆరు నెలల కిందట పక్షవాతం. జ్వరం, కంపు కొట్టే తెమడ, ఎక్స్‌రేలో కుడివైపు కింద నీడ.

2. 30 ఏళ్ల ఆవిడ. ఒళ్లునొప్పులు, జ్వరం తగ్గి పనికి వెళ్లింది. మూడో రోజు మళ్లీ చలిజ్వరం, రక్తపు చారలున్న తెమడ.

3. 41 ఏళ్ల గొర్రెల కాపరి. పది రోజుల జ్వరం, తలనొప్పి, రెండు ఊపిరితిత్తుల్లోనూ నీడలు. అమాక్సిసిలిన్‌తో మార్పు లేదు.

జవాబులు 4వ పాఠంలో ఇస్తాను. రోగిని ఇంటికి పంపాలా, చేర్చుకోవాలా తేల్చే కర్బ్-65 లెక్క కూడా అందులోనే చూద్దాం.