పర్లాకిమిడిలో కూర్చుని హిప్ హాప్ బీట్ కట్టడం, దాని హక్కు నిలుపుకోవడం

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో నేను మ్యూజిక్ ప్రొడ్యూసర్ని అని చెప్తే మొదట అడిగే మాట, "ఎంత పెట్టావు?" సినిమాల వల్ల వచ్చిన అలవాటు అది. ప్రొడ్యూసర్ అంటే మనకు డబ్బు పెట్టే నిర్మాత. హిప్ హాప్‌లో ప్రొడ్యూసర్ అంటే బీట్, అంటే రాప్ వెనక వినిపించే సంగీతం, కట్టేవాడు. తేడా మాటల్లోనే ఆగిపోతే బాధ లేదు. మన కాపీరైట్ చట్టం కూడా, సౌండ్ రికార్డింగ్ చేయించడానికి చొరవ, బాధ్యత తీసుకున్న మనిషినే నిర్మాత అంటుంది. బీట్ కట్టిన మీరు చట్టం లెక్కలో స్వరకర్త. అంటే పాట ఒకటే అయినా స్వరం ఒకరిది, రికార్డింగ్ ఇంకొకరిది కావచ్చు.

ఇది తెలియని రోజుల్లో నేనొక బీట్‌ని పదిహేను వందలకి వాట్సాప్‌లో పంపేశాను. తర్వాత అది ఒక ప్రకటనలో వినిపించింది. నా పేరు ఎక్కడా లేదు. అడగడానికి చేతిలో కాగితం ముక్క లేదు. అందుకే ఈ పని నేర్చుకుంటామని వచ్చే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనమంటాను.

సామాన్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. పాత ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్స్, ఒక మైక్, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ చాలు. బీట్ కట్టే సాఫ్ట్‌వేర్‌లలో బ్యాండ్‌ల్యాబ్ ఉచితంగా దొరుకుతుంది. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో పని చేయొచ్చు గానీ, సేవ్ చేసిన ప్రాజెక్టుని మళ్లీ తెరవలేరు. అది తెలియక రాత్రంతా చేసిన పని పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

అసలు సంగతి శబ్దం. ఇంటర్నెట్‌లో దొరికే డ్రమ్ కిట్లు, అంటే ముందే రికార్డు చేసిన డ్రమ్ శబ్దాలు, అందరి దగ్గరా ఉన్నవే. సరిహద్దు దాటి శ్రీకాకుళం జిల్లాలోని పాతపట్నం వైపు వెళ్తే తప్పెటగుళ్లు అనే జానపద ఆట ఉంది. తప్పెటల్ని మెడకి తగిలించుకుని, గుండెల మీద పెట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ కాలి గజ్జెలతో ఆడతారు. ఆ దెబ్బలో ఉన్న కసి ఏ కిట్‌లోనూ దొరకదు. ఒక బృందాన్ని ఇంటి పెరట్లో రికార్డు చేసినప్పుడు నేర్చుకున్నది చెప్తాను. గోడకి బొంతలు వేలాడదీయండి, లేకపోతే దెబ్బ తిరిగి వచ్చి మైక్‌లో పడుతుంది. మైక్‌ని ఆరేడు అడుగుల దూరంలో పెట్టండి. ముందు పరీక్షగా కొట్టించినప్పుడు మీటర్‌లో లెవెల్ మైనస్ 12 డీబీ దాటకుండా చూసుకోండి, సున్నా దాటితే శబ్దం చిట్లిపోతుంది. ఆట ఊపందుకున్నాక దెబ్బ బరువెక్కుతుంది, ఆ జాగా అప్పుడు పనికొస్తుంది. గజ్జెల్ని విడిగా ఇంకోసారి తీసుకోండి. డ్రమ్స్‌లో చిన్న తాళాల జత, అంటే హై హ్యాట్ బదులు అవే వాడొచ్చు.

ఆ రాత్రి దాన్ని 92 బీపీఎంలో, అంటే నిమిషానికి 92 దెబ్బల వేగంలో పెట్టి, ప్రతి దెబ్బనీ సాఫ్ట్‌వేర్‌లోని కాలపు గళ్లకి (గ్రిడ్‌కి) సరిగ్గా అతికించాను, అంటే క్వాంటైజ్ చేశాను. అంతా సరిగ్గా కుదిరింది, ప్రాణం పోయింది. వాళ్ల రెండో దెబ్బ ఎప్పుడూ ఒక పిసరు ఆలస్యంగా పడుతుంది, ఎందుకంటే అప్పుడు కాలు ఇంకా గాల్లో ఉంటుంది. అన్‌డూ కొట్టి, వాళ్లని కదపకుండా నా డ్రమ్స్‌లోని బరువు దెబ్బ కిక్‌నీ, టక్కుమనే స్నేర్‌నీ వాళ్ల దెబ్బ పక్కకి జరిపాను. అప్పుడు బీట్ నడిచింది. అమెరికాలోని డెట్రాయిట్‌కి చెందిన హిప్ హాప్ ప్రొడ్యూసర్ జె డిల్లా డ్రమ్స్‌ని గ్రిడ్‌కి కట్టేయకుండా చేత్తో వాయించేవాడు. ఆయన వాడిన ఎంపీసీ అనే బీట్ కట్టే యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మన తాతలు పెరట్లో చేసేదీ అదే పని అని నాకు గట్టి నమ్మకం.

రాపర్‌కి జాగా వదలండి. అమెరికన్ ప్రొడ్యూసర్ రిక్ రూబిన్ 1985లో రాపర్ ఎల్ఎల్ కూల్ జె తొలి ఆల్బమ్ మీద "ప్రొడ్యూస్ చేసింది" అని కాకుండా "తగ్గించింది" అని తన పేరు వేసుకున్నాడు. మనకి ఇంకో కారణం కూడా ఉంది. తెలుగు మాట చివర అచ్చు పలుకుతుంది, ఒడియాలో కూడా అంతే. హిందీ రాప్ కోసం కట్టిన బీట్‌లో లైను చివర స్నేర్ టక్కున పడితే మన అచ్చు నలిగిపోతుంది. నేను నాలుగో బార్ (తాళంలో ఒక చుట్టు) చివర ఒక దెబ్బ తీసేస్తాను. మా ఊరి పిల్లలు ఒక లైను తెలుగులో, ఒక లైను ఒడియాలో పాడతారు కాబట్టి అది ఇద్దరికీ పనికొస్తుంది.

పాత సినిమా పాట ముక్క కోసి వాడదామని (దాన్నే శాంపుల్ అంటారు) అందరికీ అనిపిస్తుంది. వద్దు. ఘంటసాల గారు 1974లో పోయారు. ఆయన స్వరపరచిన పాటలకి కనీసం 2034 చివరిదాకా హక్కు ఉంటుంది, ఆ రికార్డింగ్ హక్కు మళ్లీ వేరు. అనుమతి లేని శాంపుల్ మీద 1991లోనే అమెరికా కోర్టు రాపర్ బిజ్ మార్కీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. తప్పెటగుళ్ల దరువు తరతరాలది, ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ రోజు వాళ్లు వాయించిన వాయింపు వాళ్లది. దానికి చట్టంలో ప్రదర్శకుల హక్కు ఉంది.

ఇక నోట్‌బుక్ తెరవండి. పాట పేరు, తేదీ, బీట్ ఎవరు, మాటలు ఎవరు, వాయించింది ఎవరు, ఎవరికెంత శాతం, అందరి సంతకాలు. పాట హిట్టయ్యాక కాదు, రికార్డింగ్ అయిన రోజే. నేను బృందం పెద్దాయన పేరొక్కటే రాస్తే, ఆయన "బాబూ, మిగతావోళ్లవి?" అన్నారు. సిగ్గుపడి పదకొండు పేర్లూ రాశాను.

బీట్ అమ్మేటప్పుడు సంతకం లేకుండా హక్కు బదిలీ చెల్లదని గుర్తుంచుకోండి. కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం అయిదేళ్లనుకుంటుంది, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. 2012 సవరణ తర్వాత, స్వరకర్త తన రాయల్టీ వాటాని కంపెనీకి వదిలేస్తున్నానని రాసిచ్చినా అది చెల్లదు. పాటలు విడుదలయ్యాక, స్వరకర్తలకీ రచయితలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి. ఒకే బీట్‌ని చాలామందికి లీజుకిస్తుంటే, వాళ్లలో ఎవరినీ దాన్ని యూట్యూబ్ కంటెంట్ ఐడీలో, అంటే అదే శబ్దం ఉన్న వీడియోలని పట్టుకునే వ్యవస్థలో, పెట్టనివ్వకండి. మిగతావాళ్ల పాటలన్నిటి మీదా క్లెయిములు పడతాయి.

లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, పెట్టాలంటే ఆఫీసు అక్కర్లేదు. పేరున్న హిప్ హాప్ లేబుల్ డెఫ్ జామ్ 1984లో న్యూయార్క్‌లో రూబిన్ హాస్టల్ గదిలో మొదలైంది. లేబుల్ నడపడం అంటే ముఖ్యంగా లెక్క రాయడం. స్ట్రీమింగ్ డబ్బు రెండు మూడు నెలలు ఆలస్యంగా, చిల్లరగా వస్తుంది. చిల్లరే కదా అని పంచడం వాయిదా వేయొద్దు. మొదటిసారి ఒక్కొక్కరికి నలభై ఏడు రూపాయలు వస్తే, ఆ పదకొండు మందికీ కవర్లలో పెట్టి, నోట్‌బుక్‌లో పేరు పక్కన సంతకం తీసుకున్నాను. పెద్దాయన తన కవరు విప్పకుండా చొక్కా జేబులో పెట్టుకుని, ఈసారి డోళ్లు కూడా పట్టుకొస్తాను, మైకు రెండు తెచ్చుకో అన్నారు.